తల కింద తువ్వాలు

సాయంత్రంలోగా సంపూర్ణమ్మగారు ఉత్తరం రాసివ్వకపోతే హారతి చదివిన ఆరేళ్ళ డాక్టరీ గోదాట్లో కలిసినట్టే. ఉక్రెయిన్‌లో చదివొచ్చింది. అలా చదివొచ్చినవాళ్ళకి ఇక్కడ పెట్టే స్క్రీనింగ్ పరీక్ష మూడోసారికి గట్టెక్కింది. ఇక ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా ఎవరైనా చేర్చుకోవాలి. విదేశీ చదువనగానే ఆసుపత్రులన్నీ మూతి తిప్పుకున్నాయి, అక్కడి మనుషులకి జబ్బులే రావన్నట్టు! చివరికి రాజమండ్రిలో ఒకళ్ళు, పేషెంట్ల దగ్గర మూణ్ణెల్లు పనిచేసినట్టు పెద్ద డాక్టరెవరైనా రాసిస్తే చూస్తామన్నారు. ఆ మూణ్ణెల్లూ తణుకులో సంపూర్ణమ్మగారి నర్సింగ్ హోమ్‌లో ఇవాళ్టితో నిండాయి. చేరడానికి రేపే ఆఖరు తేదీ.

మధ్యాహ్నం బుల్లబ్బాయి అనే కౌలు రైతుని ఆటోలో తెచ్చారు. చేలో పురుగుమందు కొడుతూ పడిపోయాడు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత. సంపూర్ణమ్మగారు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టించి, "ఒళ్ళు కడిగించమ్మా. పది నిమిషాలకోసారి చూస్తుండు" అని చెప్పి, కాన్పు కేసుకి థియేటర్లోకి వెళ్ళారు.

హారతి బట్టలు తీయించింది, సబ్బుతో కడిగించింది, గడియారం చూసుకుంటూ మందు ఇప్పించింది. ఇంజెక్షన్ పడగానే కాస్త తేరుకుంటున్నాడు, అంతలోనే మళ్ళీ చొంగ, ఛాతీలో గురగుర. అలా గంట గడిచింది. మోతాదు తప్పానా? ఇతను పోతే ఉత్తరం రాదు కదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఛాతీ వినడానికి మళ్ళీ వంగితే ముక్కుకి ఘాటు తగిలింది. తల కింద చుట్టిపెట్టిన తువ్వాలు! మందు కొట్టేటప్పుడు ముక్కుకి కట్టుకున్నదే. మంచం మీద దిండు లేదని అతని భార్య వీరవేణి పెట్టింది. అరగంట క్రితం దాన్ని సర్దింది హారతే. దానికి పట్టిన మందే ఇంతసేపూ ఒంట్లోకి ఎక్కుతోందన్నమాట. తువ్వాలు లాగిపారేసి, మెడ, జుట్టు మళ్ళీ సబ్బుతో కడిగించింది. నాలుగయ్యేసరికి గురగుర తగ్గింది.

సంపూర్ణమ్మగారు వచ్చేసరికి కేస్ షీట్లో అంతా రాసి ముందుంచింది. తువ్వాలు గంటసేపు గమనించలేదు, పొరపాటు నాదే అని.

ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు. "నాకు రాసిస్తే సరిపోయిందా? వాళ్ళావిడకి చెప్పావా?"

"లేదండి."

"చెప్పిరా. తర్వాత చూద్దాం."

వరండాలో బల్ల మీద కూర్చున్న వీరవేణికి హారతి నిలబడే అంతా చెప్పింది. తిట్లకి సిద్ధపడే వెళ్ళింది. కానీ వీరవేణి మొహం పాలిపోయింది.

"పొద్దున్న ఆ తువ్వాలు తడిపి ముక్కుకి కట్టింది నేనేనండీ. తల కింద పెట్టిందీ నేనే. మా ఆయన్ని నా చేతుల్తో చంపుకునేదాన్ని కదండీ!" అంటూ నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది.

హారతి పక్కన కూలబడి ఆమె చేతులు పట్టుకుంది. "మీకు తెలీదండి. తెలియాల్సింది నాకు. తీయాల్సింది నేను."

గుమ్మంలో సంపూర్ణమ్మగారు ఎప్పటినుంచి ఉన్నారో. "ఐదున్నరకి రాజమండ్రి బస్సుంది, వెళ్తావా?" అన్నారు.

"అతనికి పూర్తిగా తగ్గేదాకా ఉంటానండి. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్తాను. మీరు... ఉత్తరం ఇస్తే."

ఆవిడ తెల్లకోటు జేబులోంచి కాగితం తీశారు. ఉత్తరం పొద్దున్నే టైపు చేయించి పెట్టుకున్నారు. సంతకం మాత్రం ఇప్పుడు పెట్టారు.