రెండు కొట్టిన రోజు

చింతచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగాక గంగులయ్యకు నడుము కింద స్పర్శ లేదు. పుంగనూరు దగ్గర తమ ఊరి పాలకేంద్రంలో చక్రాల కుర్చీలో కూర్చుని పాలు కొలుస్తాడు. ఆ పని దొరకడమే వరమనుకునే మనిషి.

అప్పుడు వైద్యం చేసిన కుప్పం ఆసుపత్రి నర్సు పల్లవి రోజూ ఆయన ఫోన్‌కు మెసేజులు పంపేది. "ముందుకు వంగి రెండు నిమిషాలు ఉన్నారా? ఉంటే 1, లేకుంటే 2 కొట్టండి." అలా వంగకుండా కూర్చుని పిరుదుల మీద ఒకేచోట బరువు పడితే నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. పుండు పడితే నెలల తరబడి మంచమే, పనీ పోతుంది. ఇదంతా గంగులయ్యకు తెలియక కాదు. కానీ మెసేజు వచ్చేది సరిగ్గా జనం పాలక్యాన్లతో బారులు తీరినప్పుడే. అందరి ముందూ వంగితే ఎవరో ఒకరు "అయ్యో పాపం" అంటారు. ఆ మాట పడటం కన్నా అబద్ధమే నయమనిపించింది ఆ మహానుభావుడికి. వంగకుండానే ఒకటి కొట్టేవాడు. మూడు నెలలు అదే వరస.

ఒక ఆదివారం ఒళ్లు తుడుస్తున్న భార్య సిద్దమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఈడ ఎర్రగా ఉండాది. రేగుపండంత."

ఆ పూట వచ్చిన మెసేజుకు గంగులయ్య, సిగ్గు చంపుకుని, రెండు కొట్టాడు.

పది నిమిషాల్లో పల్లవి ఫోన్ చేసింది.

"ఏడన్నా ఎర్రబడిందా, తోలు తెగిందా అన్నా?"

"లేదమ్మా, ఎర్రగా ఉండాది, అంతే. ఇన్నాళ్లూ అబద్దం సెప్పినాను తల్లీ."

"నాకు అనుమానమే. కానీ ఒకటి కొట్టినోళ్లకి ఏమని ఫోన్ సేసేది? రెండు కొట్టినోళ్లకే సేస్తాను. ఎరుపు పోయేదాకా దానిమీద కూర్చోవద్దు. బోర్లా పడుకో. దినమూ ఫోటో పంపించు."

మర్నాడు పాలకేంద్రానికి మంచం వచ్చింది. గంగులయ్య గడ్డం కింద దిండు పెట్టుకుని, బోర్లా పడుకున్న చోటి నుంచే పాలు పరీక్షించే మిషన్ చూసి వెన్న శాతం చెప్పాడు. క్యాన్లెత్తే పని పొరుగింటి మునెమ్మ తీసుకుంది.

"బోర్లా పడుకోని పాలు కొలిసేవాణ్ణి ఇప్పుడే సూస్తాండాము గంగులన్నా!" అంది.

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. పాపమని ఒక్కరూ అనలేదు. ఇన్నాళ్లూ తాను ఎవరికి భయపడ్డాడో ఆయనకే అర్థం కాలేదు.

ఆరో రోజు సిద్దమ్మ వేలితో నొక్కి చూసి, "పోయింది" అని అక్కడే కూలబడి ఏడ్చింది. గంగులయ్య ఫోన్ తీశాడు. ఈసారి అంకె కాదు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మాటలే రాశాడు.

"అమ్మా, పుండు కాలేదు. రేపు కుర్చీలో కూర్చుంటాను. మాయమ్మ కూడా నీ మాదిరి నన్ను ఇన్నిసార్లు అడిగి ఉండదు."