వంద షేర్లూ ఒక ఇత్తడి బిళ్లా

ఏ సంగతైనా కూపీ లాగందే నిద్ర పట్టని పిల్ల కాబట్టి ఇంట్లోవాళ్లు ఆమెకు చిన్నప్పుడే 'ఆరా' అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఆరా లెక్కల టీచరు. జుట్టు అక్కడక్కడా నెరిసింది కూడా, పేరు మాత్రం వదల్లేదు. ఆమెకు ఇన్నేళ్లుగా అంతుచిక్కని సంగతి ఒక్కటే ఉంది. బాబాయి ఆ వంద షేర్లూ ఎందుకు అమ్మేశాడు?

బాబాయి స్విచ్చులు చేసే కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ మొదటిసారి షేర్లు బయటికి అమ్మినప్పుడు ఉద్యోగులకు కాస్త చౌకగా ఇచ్చింది. బాబాయీ పిన్నీ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, సోఫా కొనాలన్న ముచ్చట పక్కనపెట్టి, వంద తీసుకున్నారు. నాలుగేళ్లకు ఒక సాయంత్రం బాబాయి ఫ్యాక్టరీ నుంచి వస్తూ వస్తూ మొత్తం అమ్మేసి వచ్చాడు. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు. ఆ తర్వాత కంపెనీ పట్టిందల్లా బంగారమైంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో కుళాయి కారినా, గొడుగు పోయినా, మాట తిరిగి తిరిగి షేర్ల దగ్గరికే వచ్చేది. "అవే ఉండుంటే" అని పిన్ని మొదలుపెట్టేది. మొదట్లో ఆ షేర్లు ఒక మోటారు సైకిలు. కొన్నాళ్లకు ఒక ఇల్లు. ఈమధ్య ఏకంగా వీధికి వీధే. బాబాయి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చదివిన పేజీనే మళ్లీ చదివేవాడు.

ఇప్పుడు అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఓనరు అమ్మేస్తున్నాడు. ఆ కబురు విన్న రోజునుంచి పిన్ని దెప్పడం మానేసింది, మాట్లాడటమూ మానేసింది. ఆ మౌనం భరించలేక బాబాయే ఆరా ఇంటికి వచ్చాడు.

"అమ్మాయ్, ఆ షేర్లు ఉంటే ఎంతయ్యేదో నువ్వే లెక్క తేల్చు. ఎంతైతే అంత. తిట్టాల్సింది మీ పిన్ని ఒక్కసారే తిట్టేస్తుంది, పడతాను. ఇలా గోడను చూసినట్టు చూస్తుంటే నేను బతకలేనే."

ఆ మనిషిని చూస్తే ఆరాకు జాలేసింది. కానీ ఆ పక్కనే పాత కుతూహలం కూడా లేచి కూర్చుంది.

సెలవుల్లో లైబ్రరీకి వెళ్లి కంపెనీ పాత వార్షిక నివేదికలన్నీ ముందేసుకుంది. చూస్తే అదో వింత. ఒక్కో షేరునీ పది చేశారు. తర్వాత రెండుసార్లు, ఉన్నవాళ్లకు ఉన్నన్ని ఉచితంగా ఇచ్చారు. ఎవరూ వేలు కదపకుండానే వంద కాస్తా నాలుగు వేలయ్యాయి. ఏటా పంచిన లాభం అదనం. మధ్యలో ఒకసారి ధర నాలుగోవంతుకు పడిపోయి, మూడేళ్లు లేవలేదు. ఆ మూడేళ్లూ చేతులు కట్టుకుని కూర్చోగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరున్నారబ్బా అనుకుంది ఆరా. తనైతే మొదటి నెలలోనే అమ్మేసేది.

ఆదివారం కాగితం పట్టుకుని వెళ్లింది. సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. వంటింటి బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఒకటి పెట్టినచోట నూట ఎనభై అయింది" అంది ఆరా. "వీధి కాదు పిన్నీ. ఈ ఇల్లు ఒక్కటి వచ్చేది. పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు."

పిన్ని తల కూడా తిప్పలేదు. బాబాయి ఆ కాగితం మీద ఆరా గీసిన కంపెనీ లాభాల గీతను వేలితో తడుముతూ వెళ్లి ఒకచోట ఆగాడు. "ఇక్కణ్ణించే కదూ పైకి లేచింది? ఇది ఏ ఏడు?"

"నువ్వు అమ్మిన ఏడే."

బాబాయి చిన్నగా నవ్వాడు. "ఓరి దీని దుంపతెగ! అంటే లాభం అందులోంచే వచ్చిందన్నమాట."

"దేంట్లోంచి?"

"స్విచ్చులో ఇత్తడి బిళ్ల ఉంటుంది చూడు, ఖర్చు తగ్గించడానికి దాన్ని ఆ ఏడే పల్చన చేశారు. కాలిపోతుందిరా బాబూ అని మొత్తుకున్నాను. నా మాట వినేదెవరు? ఇలాంటి కంపెనీ నిలవదని ఆ పూటే అన్నీ అమ్మిపారేశాను. తీరా చూస్తే ఒక్క స్విచ్చూ కాలలేదు. చెప్పుకుంటే నవ్వుతారని ఊరుకున్నాను."

ఆరాకు నవ్వొచ్చింది. లాభం జాడ అందరికంటే ముందు పసిగట్టిన మనిషి తలకిందులుగా అర్థం చేసుకున్నాడు! అంతలో పిన్ని గొంతు వినబడింది.

"నాతో కూర్చుని కొన్నారు. నన్ను అడక్కుండా అమ్మారు. ఎందుకన్నది కూడా ఇప్పుడు ఈ పిల్లకి చెప్పారు గానీ నాకు చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను దెప్పింది డబ్బు కోసమనుకున్నారా?"

బాబాయి లేచి అట్టపెట్టెలు వెతికి, పనిముట్ల డబ్బా బయటికి తీశాడు. అందులోంచి రెండు ఇత్తడి బిళ్లలు ఏరి, ఆమె ఎదురుగా కూర్చుని, అరచేతిలో పెట్టాడు. "ఇది పాతది. ఇది వాళ్లు మార్చింది."

పిన్ని కళ్లజోడు సర్దుకుంది. రెండింటినీ వేళ్ల మధ్య నలిపి చూసింది, ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. తొందరేమీ పడలేదు.

"నిజమే, బాగా పల్చగా ఉంది" అంది. "ఆ రోజే చూపించి ఉంటే?"

"ఉంటే?" అన్నాడు బాబాయి భయంభయంగా.

"ఇద్దరం కలిసే అమ్మేవాళ్లం."