మెర్విన్ తీసేసిన లైను

ముప్ఫై ఆరోసారి కూడా సైరను అరిచింది. మెర్విన్ కెర్స్‌లేక్ చెవిలో దూది సర్దుకుని, పాత క్యాలెండరు వెనకవైపు ఇంకో నిలువుగీత గీసి, స్విచ్చి ఆపాడు. పది లెక్కపెట్టి మళ్లీ వేశాడు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది, మరుక్షణం ఎర్రబడింది, సైరను మళ్లీ అందుకుంది. అరవాలి కూడా. పెట్టె తాలూకు ఫ్లోటు అతని టీకప్పులో ఉంది, కప్పు నిండా నీళ్లున్నాయి. పడవ అడుగున నీళ్లు చేరితే ఫ్లోటు పైకి లేవాలి, పెట్టె ఊరంతా లేచేలా గోల చెయ్యాలి. ఆ పెట్టె పుట్టిందే అందుకు.

మూడు వారాల కిందట అథోల్ బ్రాండ్‌రెత్ పడవలో అది గోల చెయ్యలేదు. బ్రూనీ దీవి అవతల లంగరు మార్చుకుని, ఒక్క కునుకు తీద్దామని లోపలికి వెళ్లిన అథోల్ పడవతో పాటే మునిగిపోయాడు. ఈతగాళ్లు పైకి తెచ్చిన పెట్టె ప్లాస్టిక్ సంచిలో, ఉప్పు పేరుకుని, మెర్విన్ బల్ల మీదికి వచ్చింది. దాని జ్ఞాపకంలో మిగిలిన చివరి గంట మొత్తం ఒకటే మాట. నీళ్లు సున్నా. నీళ్లు సున్నా. నీళ్లు సున్నా.

అథోల్ పెట్టె ఇక లేవదు కాబట్టి, అలాంటిదే ఇంకొకటి పెట్టుకుని మెర్విన్ తొమ్మిది రోజులుగా కుస్తీ పడుతున్నాడు. రేపు తెల్లారితే పెద్ద రొయ్యల్లాంటి క్రేఫిష్‌ల వేట సీజను మొదలు. ఇవే పెట్టెలు తగిలించుకుని నలభై ఒక్క పడవలు సముద్రం మీదికి పోతాయి.

మెర్విన్‌కి అరవై ఒకటి. హోబార్ట్ రేవు వెనక, తొమ్మిది మంది పనిచేసే ఆ కంపెనీలో, ఆ కిటికీ పక్క బల్లకి ఇరవై ఏడేళ్లుగా అంటిపెట్టుకుని ఉన్నాడు. మోచేతుల దగ్గర పలచబడిన గోధుమరంగు స్వెటరు, కళ్లద్దాల కాడకి నల్లటేపు, టంకం వేడికి గట్టిపడిపోయిన బొటనవేలు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఈ మధ్య లేరు. సెలవు పెట్టడు, మీటింగులో నోరు విప్పడు. అతను రాని రోజు బహుశా కెటిల్ ఖాళీగా ఉండటం చూసి తెలుసుకోవాలి.

పది గంటలకి మరీటా వ్లాహోస్ తుఫానులా వచ్చింది. బోర్డులకి టంకం పెట్టే మనిషి, అతని కంటే ఆరేళ్లు చిన్న, నోరు మాత్రం పదింతలు పెద్ద.

"ఏమయ్యా, ఫ్రిజ్‌లో నా పాలకూర రొట్టె పక్కన ఇంకో పెట్టె పెట్టావా? అది తినేదా, పేలేదా?"

"చల్లబడాలి మరీటా. తెల్లవారుజాము సముద్రం అంత చల్లగా."

"నా రొట్టెకి టంకం వాసన పట్టిందంటే నిన్ను చల్లబరుస్తా." వెళ్లబోయి ఆగింది. గొంతు తగ్గించింది. "ఏమైనా దొరికిందా?"

మెర్విన్ తల అడ్డంగా ఊపాడు.

అతని తల ప్రాణం తోకకి తెస్తున్న సంగతి ఇది. కరెంటు తగలగానే పెట్టెలో మొదట కళ్లు తెరిచేది కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము. బడిలో హాజరు పిలిచినట్టు అది ఒక్కొక్క భాగాన్నీ వరసగా పిలుస్తుంది. దీపం, సైరను, ఆ తర్వాత ఫ్లోటు. పలికినవాళ్లతో పని మొదలుపెడుతుంది. ఎక్కడో ఏదో పలకడం లేదని అనుమానం వచ్చి, పిలిచిన ప్రతి పేరునీ తెర మీద అచ్చు వెయ్యమని మెర్విన్ అడిగాడు. అచ్చు వేస్తున్నంతసేపూ అన్నీ బుద్ధిగా పలికాయి. మొదటి వారం మొత్తం అలాగే పోయింది. నిన్న సాయంత్రం బస్సులో తట్టింది. అచ్చు వెయ్యడానికి కూడా కాస్త సమయం పడుతుంది కదా, ఆ కాస్తలో తప్పు తనంతట తనే సర్దుకుంటోంది. తను చూస్తున్నాడు కాబట్టే తనకి కనబడటం లేదు.

అందుకే ఇవాళ తెర ఆపేశాడు. పిలుపులన్నీ జ్ఞాపకంలో ఓ మూల చప్పుడు లేకుండా రాసిపెట్టమన్నాడు. ఆఫీసు కరెంటు మరీ నికార్సైనదని, తన పాత కారులోంచి చావుకి సిద్ధంగా ఉన్న బ్యాటరీ ఊడదీసి, దుప్పట్లో చుట్టి బస్సులో మోసుకొచ్చాడు.

పన్నెండూ పదికి రోజూలాగే రేవుగోడ మీద కూచుని వెజిమైట్ రాసిన రొట్టె తిన్నాడు. ఎదురుగా పడవల్లోకి క్రేఫిష్ పట్టే బుట్టలు ఎక్కిస్తున్నారు. పడవల కోసం ఇన్నేళ్లు పనిచేశాడు కానీ మెర్విన్ పడవెక్కింది ఒక్కసారే. అథోల్ బలవంతంగా ఎక్కించాడు. రేవు దాటకముందే మొదలైన వాంతులు తిరిగొచ్చేదాకా ఆగలేదు. "ఒరే మెర్వ్, నువ్వు ఒడ్డు మీదే ఉండరా బాబూ, నీ పెట్టె వస్తే చాలు నాకు," అని అథోల్ పగలబడి నవ్వాడు. ఆ సిగ్గు పోగొట్టడానికో ఏమో, ఏటా సీజను మొదట్లో తడి న్యూస్‌పేపర్లో రెండు క్రేఫిష్‌లు చుట్టి తెచ్చిచ్చేవాడు. మెర్విన్ ఒంటికి అవి పడవు. తింటే దద్దుర్లు. పద్నాలుగేళ్లు తీసుకున్నాడు, పద్నాలుగేళ్లూ మరీటాకి ఇచ్చేశాడు. అథోల్‌కి చెప్పలేదు. సగం రొట్టె మిగిలిపోతే సీగల్ పక్షులకి వేసి లేచాడు.

ఫ్రిజ్‌లోంచి తీసిన పెట్టెని ముసలి బ్యాటరీకి తగిలించాడు. ఒకటోసారి అరిచింది. రెండోసారి అరిచింది. ఏడోసారి పచ్చదీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది.

కప్పులో ఫ్లోటు తేలుతోంది. గదిలో చడీచప్పుడు లేదు. మెర్విన్ దూది తీసి చూశాడు, నిజంగానే నిశ్శబ్దం.

జ్ఞాపకం తెరిచి చదివాడు. దీపం, ఉంది. సైరను, ఉంది. ఫ్లోటు, లేదు. ఆ కింది లైనులోనే ఫ్లోటుకి కరెంటు అందిన సంగతి ఉంది. నీరసపు బ్యాటరీ, చలి, రెప్పపాటు ఆలస్యం. 'ఇంకా లేవలేదు, మళ్లీ పిలువు' అని రావలసిన జవాబు 'లేదు' అని వచ్చింది. ఒకసారి లేదన్నదాన్ని కెర్నెల్ మళ్లీ పిలవదు. ఫ్లోటు లేని పడవలూ ఉంటాయి కనుక, అది లేకపోతే నీళ్లు సున్నా అనుకోమని కెర్నెల్ మీద నడిచే ప్రోగ్రాములో ఎవరో రాశారు. ఇంజను స్టార్టు చేసినప్పుడల్లా బ్యాటరీ కుంగుతుంది, పెట్టె ఆరి వెలుగుతుంది. అథోల్ లంగరు మార్చాడు, పచ్చదీపం చూశాడు, నమ్మి పడుకున్నాడు.

మొదట్లో ఇలా ఉండేది కాదే అనుకుని ప్రోగ్రాము మార్పుల చరిత్ర వెనక్కి తిప్పాడు. నాలుగేళ్ల కిందట ఫ్లోటుని పిలిచే ముందు ఒక లైను ఉండేది. అర సెకను ఆగు. ఎప్పుడో మానేసి వెళ్లిన ఇంజనీరు రాసినది, ఎందుకో చెప్పలేదు. పడవల ప్రదర్శనకి దీపం చప్పున వెలగాలని అడిగితే ఎవరో దాన్ని తీసేశారు. పక్కన చిన్న గమనిక: 'ఎందుకుందో తెలీదు. తీసేశాను. ఏమీ పాడవలేదు.'

కింద సంతకం, ఎం. కెర్స్‌లేక్.

అథోల్‌ని నేనే చంపాను అనుకున్నాడు. ఇంకో మాట వెతికాడు కానీ దొరకలేదు.

మూడింటికి మేనేజరు డారెల్ గదిలో నిలబడి అంతా చెప్పాడు. డారెల్‌కి నలభై రెండు, మాట మెత్తన, ఇద్దరు పిల్లల ఫొటోలు బల్ల మీద.

"సరిచెయ్యడానికి ఎంతసేపు?" అన్నాడు డారెల్.

"అయిదు నిమిషాలు. కానీ ప్రతి పెట్టెనీ ఒడ్డుకి తేవాలి. ఇవాళే అందరికీ ఫోన్లు చెయ్యాలి."

"ఇవాళ వద్దు మెర్వ్. విచారణ నడుస్తోంది. లాయరుని అడక్కుండా ఒక్క మాట బయటికి పోకూడదు. సోమవారం చూద్దాం."

"రేపు వెళ్లిపోతారయ్యా వాళ్లు."

"ఆ లైను తీసింది నువ్వే కదా," అన్నాడు డారెల్, బెదిరింపులా కాదు, జాలిగానే. "నీ గురించి కూడా ఆలోచిస్తున్నాను."

మెర్విన్ తలూపి బయటికొచ్చాడు. ఇరవై ఏడేళ్లుగా అలాగే తలూపుతున్నాడు. స్టోరుగదిలోకి వెళ్లి, గోడకున్న పడవల జాబితా ఊడదీసి, అట్టపెట్టె మీద కూచుని మొదటి నంబరు కొట్టాడు.

"మా పెట్టెలో తప్పుంది. తప్పు నాదే. స్విచ్చి వేశాక ఫ్లోటు చేత్తో పైకెత్తి చూడండి. సైరను అరిస్తే వెళ్లండి. ఇంజను ఆగి మళ్లీ స్టార్టయితే మళ్లీ ఎత్తి చూడండి." ప్రతివాళ్లకీ అదే చెప్పాడు. ఒకడు బూతులు తిట్టాడు, ఒకడు థాంక్స్ అన్నాడు. పదహారో నంబరు నోలీన్ కాట్‌మోర్‌ది.

"ఇప్పుడే స్టార్టు చేశానయ్యా. పచ్చగానే ఉంది, నిక్షేపంలా ఉంది."

"ఒక్కసారి ఎత్తి చూడమ్మా. నేను లైన్లోనే ఉంటా."

బూట్ల చప్పుడు, చెక్కమూత తీసిన చప్పుడు, సీగల్స్ అరుపులు. తర్వాత ఏమీ లేదు.

"మెర్వ్," అంది నోలీన్. "ఎత్తి పట్టుకునే ఉన్నాను. అరవట్లేదయ్యా."

మెర్విన్ నుదురు గోడకి ఆనించాడు. "ఆపి మళ్లీ వెయ్యి," అన్నాడు. ఈసారి ఫోనులోంచి సైరను వినబడింది. నోలీన్ ఏడుస్తోందో, దేవుణ్ణి తలుచుకుంటోందో తెలియలేదు.

జాబితా వరసన పోతూ పోతూ ఇరవై తొమ్మిదోది కూడా కొట్టేశాడు. పేరు చూసేసరికే ఆలస్యమైంది, రికార్డు చేసిపెట్టిన గొంతు అందుకుంది. "అథోల్‌ని మాట్లాడుతున్నా. సముద్రం మీదున్నా. పేరు చెప్పి పెట్టెయ్, తీరిగ్గా చేస్తా." తర్వాత కుయ్‌మన్న చప్పుడు.

అందరికీ చెప్పిన మాటలే మెర్విన్ నోటికి వచ్చాయి. "మా పెట్టెలో తప్పుంది. తప్పు నాదే." ఆగాడు. "అథోల్, నాకు క్రేఫిష్ పడదు. ముందే చెప్పాల్సింది."

అయిదుంబావుకి జాబితాలో ఆఖరి నంబరు అయ్యేసరికి డారెల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరో ఎదురు ఫోను చేసినట్టున్నారు. అరవలేదు. చెయ్యి చాచాడు. మెర్విన్ ఆఫీసు తాళంచెవి ఇచ్చాడు.

"రేపటి నుంచి రాకు మెర్వ్."

"సరే."

డారెల్ లాయరుకి ఫోను చెయ్యడానికి కారులోకి వెళ్లాడు. మెర్విన్ ఫ్రిజ్‌లోంచి రెండో పెట్టె తీసి, బ్యాటరీతో సహా డారెల్ బల్ల దగ్గరికి మోశాడు. కప్పు నింపాడు. ఫ్లోటు వేశాడు. స్విచ్చి వేస్తూ, ఆపుతూ నిలబడ్డాడు. సైరను అరిచినప్పుడల్లా అవతలి గదిలో మరీటా ఉలిక్కిపడుతోంది. తొమ్మిదోసారి అరవలేదు. అప్పుడు చెయ్యి తీసేశాడు.

"నీ కప్పు మర్చిపోతున్నావయ్యా," అంది మరీటా గుమ్మం దగ్గర.

"దాన్ని కదపకు," అని కోటు తొడుక్కుని బస్సు వైపు నడిచాడు.

డారెల్ తిరిగొచ్చేసరికి పిల్లల ఫొటోల ముందు అంచులదాకా నీళ్లున్న టీకప్పు, నీళ్ల మీద తేలుతున్న ఫ్లోటు, పక్కన చెమటలు పట్టిన పెట్టె, దాని మీద నిలకడగా వెలుగుతున్న పచ్చదీపం.