చర్చి వెనక వంటిల్లు

"ఇంకో నలుగురొచ్చారు వనజా, ఎసరు పెంచు," అన్నాడు సుధీర్ వంటింటి గుమ్మంలో నిలబడి. చెప్పి వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ గుమ్మం దాకానే వస్తాడు. బియ్యం ఉన్నాయా, నువ్వు డ్యూటీకి ఎప్పుడు బయల్దేరాలి అని అడగడు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది కదా.

నా భర్త మా ఊరి చర్చికి పాస్టరు. మా ఇల్లు చర్చి వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. వంటింటి కిటికీ తెరిస్తే లోపలి మాటలన్నీ వినిపిస్తాయి. శనివారం సాయంత్రం నుంచి ఆ చర్చిలో ఒడిశా కూలీలు తలదాచుకున్నారు. పిడుగురాళ్ల వైపు ఒక సున్నం బట్టీలో పనిచేసేవాళ్లు. చేరిన రోజే వాళ్ల ఫోన్లు, ఆధార్ కార్డులు తీసుకుని బట్టీ ఆఫీసు బీరువాలో పెట్టారట. సీజన్ అయ్యేదాకా గేటు దాటడానికి లేదు. సుకాంతి అనే ఆమె పాదం మీద వేడి సున్నం పడి తోలు ఊడివస్తే ఆసుపత్రికి కూడా పంపలేదు. దాంతో ఆమె మొగుడు, మిగతావాళ్లు ఆమెను ఎత్తుకుని గోడ దూకి, మిరపచేలకు అడ్డంపడి శిలువ కనిపించిన చోటికి వచ్చారు. వాళ్ల ఊళ్లోనూ ఒక చిన్న చర్చి ఉందట. ఆ ధైర్యం.

సుధీర్ వెంటనే తలుపులు తెరిచాడు. అది నిజం, ఆ మంచితనాన్ని నేను తక్కువ చెయ్యను. ఆదివారం ప్రసంగంలో దిక్కులేనివాళ్లను చేర్చుకోవడం గురించి చెప్పి అందరినీ ఏడిపించాడు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి "అయ్యగారూ, మీ మనసు చానా గొప్పది," అంటుంటే కిటికీలోంచి విన్నాను. అప్పటికి నేను రెండో డేగిశా దించుతున్నాను. ఆ గొప్ప మనసుకు చేతులు మాత్రం నావి.

పాస్టరు భార్యనై ఉండి ఆదివారం వంటింట్లో ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. ఊరందరికీ తెలుసు. నేను గ్రామ సచివాలయంలో మహిళా పోలీసును. ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. మావాళ్లు క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీ పోయి బీసీ-సి అవుతారు. ఊరి కళ్లలో కులం మాత్రం అంగుళం కూడా కదలదు. అందుకని కాగితం మీద నేను హిందువును. ఉద్యోగం వచ్చిన రోజు సుధీర్ "కాగితానికేముందిలే, దేవుడు హృదయం చూస్తాడు," అన్నాడు. తర్వాతి ఆదివారం నుంచే "ఫోటోల్లో పడబాక వనజా, కుర్రోళ్లు సెల్లుల్లో తీసి పెడతన్నారు," అని నన్ను వెనక్కి పంపాడు. పాస్టరుకు జీతం లేదు. ఇల్లు నడిచేది నా జీతంతోనే. ఆ జీతం కోసం నేను ప్రసంగం కిటికీలోంచి వింటాను, ప్రార్థనలో పంచే ప్రభువు బల్ల రొట్టె కూడా కిటికీలోంచే అందుకుంటాను. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఆడవాళ్లకు ఏదైనా అలవాటవుతుందని ఇంట్లోవాళ్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ వమ్ము చేయలేదు.

ఈ కూలీలు రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు ఒక వంట, వచ్చాక ఒక వంట, మధ్యలో సుకాంతి పాదానికి కట్టు మార్చడం. నా ముఖం చూసి అత్తయ్య మంచం మీద నుంచే "దైవసేవకుడి పెళ్లానివి, మొహం అట్టా ముడుచుకుంటే ఎట్టాగే?" అనేది. వీళ్లు ఎప్పుడు పోతారా అని అనుకుంటూనే అన్నం వండాను. సుకాంతి మాత్రం కుంటుకుంటూ వచ్చి, నా పక్కన పీట వేసుకుని వంకాయలు తరిగేది. "దీదీ, నువ్వు తిన్నావా?" అని వచ్చీరాని తెలుగులో మొదటిరోజే అడిగింది. పెళ్లయ్యాక ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అడిగినందుకు సంతోషించాల్సింది పోయి నాకు చిరాకేసింది. "ముందు నువ్వు తిను," అని కసిరాను.

మంగళవారం సచివాలయానికి ఎస్ఐ గారు వచ్చారు. ఆయన పక్క కుర్చీలో బట్టీ యజమాని త్రికోటేశ్వరరావు కూర్చుని ఉన్నాడు.

"గుడైనా చర్చయినా లోపలికి బూట్లేసుకుని పోతే రేపు టీవీల్లో మేముంటాం," అన్నారు ఎస్ఐ గారు. "దేవుడి జోలికి ప్రభుత్వం పోగూడదు గదా. నువ్వు ఆడమనిషివి, ఆ ఇంటిదానివి. ఆడోళ్లను పిలువు, బయటికొస్తారు. ఎనకనే మొగోళ్లూ వస్తారు. ఇష్టపడి పోయారని రాసుకుంటాం. గొడవే లేదు."

"వాళ్లను మళ్లీ బట్టీలో పెట్టి తాళం వేస్తారు సార్," అన్నాను.

త్రికోటేశ్వరరావు నవ్వాడు. "అమ్మాయ్, మేమేమన్నా రాక్షసులమా? నీ మంచికే చెబుతున్నా. పాస్టరు పెళ్లాం ఎస్సీ ఉద్యోగం చేస్తందని ఎవరన్నా ఓ అర్జీ పెట్టారనుకో, నీ సర్టిఫికెట్టు ఏమైద్ది? నాకెందుకు అట్టాంటి పాపం?"

ఎస్ఐ గారు గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. దేవుడికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని చదువుకున్నవాళ్లు అంటారు. ఉంటే ఉండొచ్చు. ఆ గోడకు కన్నం పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరికీ నేనే దొరికాను.

ఇంటికొచ్చి సుధీర్‌కు అంతా చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. "ప్రాణం పోయినా తలుపు తియ్యను. ఎవరొస్తారో రానీ."

"నా ఉద్యోగం పోతే?"

"దేవుడు చూసుకుంటాడు."

"బియ్యం ఎవరు చూసుకుంటారు?"

"అవిశ్వాసం మాటలు మాట్లాడబాక," అని చొక్కా వేసుకున్నాడు. లేబర్ ఆఫీసరుతోనూ పెద్ద పాస్టర్లతోనూ మాట్లాడాలని నరసరావుపేట బస్సెక్కాడు. మంచి పనికే వెళ్లాడు. కానీ వెళుతూ వెళుతూ "సాయంత్రానికి పెద్ద పాస్టర్లు వచ్చినా వస్తారు, వాళ్లక్కూడా కాస్త వండు," అన్నాడు. ఆ మాట దగ్గర నాలో ఏదో తెగింది. అందుకే ఆ పని చేశానని చెప్పుకుంటే బాగుండేది. కానీ అది అబద్ధం. నేను భయపడ్డాను. ఉద్యోగం లేని నన్ను నేను ఊహించుకోలేకపోయాను. ఈ ఇంట్లో ఆ జీతం ఒక్కటే నాది.

ఎస్ఐ గారికి ఫోను చేసి, ఖాకీ చీర కట్టుకుని చర్చి పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. మగవాళ్లు లోపల గడియ పెట్టుకుని ఉన్నారు. అంతకు ముందే రోడ్డు మీద హారన్ మోగితే ఉలిక్కిపడి వేసుకున్నారు. "సుకాంతీ!" అని పిలిచాను. "కట్టు మారుద్దాం, రా. ఆటో తెప్పించాను, ఆసుపత్రికి పోదాం." నా గొంతు విని ఆమే గడియ తీసింది. నా చీర వంక ఒకసారి చూసింది. తర్వాత నా ముఖం చూసి నవ్వి, మెట్లు దిగడానికి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఉంది. వీధి మలుపులో ఆటో లేదు, బట్టీ వ్యాను ఉంది. త్రికోటేశ్వరరావు మనుషులు ఆమెను ఎక్కిస్తుంటే ఆమె మొగుడు పరిగెత్తుకొచ్చాడు, అతని వెనక మిగతావాళ్లు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆమెను వదల్లేక అందరూ వ్యానెక్కారు. పోలీసు జీపు దూరంగా, మర్యాదగా నిలబడింది. సుకాంతి ఏడవలేదు. నా వైపు చూసి "దీదీ?" అంది, అంతే. నేను తల దించుకున్నాను. వాళ్లు ఇష్టపడి వెళ్లారని ఎస్ఐ గారు పంచనామా రాయించి, నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

సుధీర్ వచ్చేసరికి చర్చి ఖాళీగా ఉంది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా తల మీద చెయ్యి పెట్టి "నువ్వేం చేస్తావులే, ఆడదానివి. ఆదివారం నీకోసం ప్రార్థన చేయిస్తా," అన్నాడు. అరిచినా బాగుండేది. నా తప్పు కూడా నాకు దక్కనివ్వలేదు. పెద్ద పాస్టర్ల కోసం వండిన అన్నం డేగిశాలో అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే నాకు అసహ్యం వేసింది. సుధీర్ మీద కాదు, అత్తయ్య మీద కాదు, నా మీద. ఇన్నేళ్లూ నేను ఒక్కదాన్నే నలిగిపోతున్నాను అనుకున్నాను. నాకంటే కింద ఒక మనిషి కనపడగానే నలపడం నాకూ ఎంత బాగా వచ్చో.

మర్నాడు పొద్దున గురజాల ఆర్డీవో ఆఫీసుకు వెళుతున్నానని చెప్పాను. బట్టీలో మనుషులను బంధిస్తే విడిపించే అధికారం ఆర్డీవోకు ఉందని మా ట్రైనింగులోనే చెప్పారు.

సుధీర్ కంగారుగా లేచాడు. "తొందరపడబాక వనజా. అన్నీ బయటపడతయ్. ఉద్యోగం పోద్ది, ఇల్లెట్టా గడిచిద్దో ఆలోచించు."

"దేవుడు చూసుకుంటాడన్నారుగా?"

అత్తయ్య మంచం మీద నుంచి "మరి పొద్దుటి వంట?" అంది. గిన్నెలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసు. బస్సెక్కాను.

ఆర్డీవో మేడమ్ నేను చెప్పేది ఓపిగ్గా విన్నారు. వాళ్లు ఇష్టపడి వెళ్లారన్న పంచనామా నకలు అప్పటికే ఆవిడ బల్ల మీద ఉంది. కింద నా సంతకం కూడా ఉంది.

"మరి వాళ్లు ఇష్టపడి వెళ్లలేదని మీరెలా చెబుతారు?"

"ఆసుపత్రికని అబద్ధం చెప్పి నేనే పిలిచాను."

ఆవిడ గొంతు తగ్గించి, "చూడమ్మా, స్టేట్‌మెంట్ రికార్డవుతుంది. మీరు ఆ చర్చిలో ఎందుకున్నారని రేపు అడుగుతారు. డ్యూటీ మీద వెళ్లారని రాస్తే మీకు ఏ ఇబ్బందీ ఉండదు," అన్నారు. మంచి మనిషి. నాకు దారి ఇస్తున్నారు. ఒక్కసారి తల ఊపితే చాలు.

"డ్యూటీ మీద వెళితే ఆమె తలుపు తీసేది కాదు మేడమ్," అన్నాను. "పోలీసును చూసి రాలేదు, నన్ను చూసి వచ్చింది. నేను ఆ చర్చి మనిషిని. అలాగే రాసుకోండి."