తెల్లబారిన రోబోలు

జయచంద్రకు ముప్పై ఎనిమిదేళ్లు. మదనపల్లెలో ఒక పెయింట్ల అంగడిలో రంగులు కలిపే మిషన్ దగ్గర పని. ఎవరైనా పాత గోడ నుంచి రాలిన పెచ్చు తెచ్చి చూపిస్తే, అచ్చం అదే రంగు డబ్బా నిండా కలిపి ఇస్తాడు. పగలంతా డబ్బాల్లో కలిపిన రంగులు చాలవన్నట్టు, ఇంటికొచ్చి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, బొటనవేలంత రోబో బొమ్మలకు సన్నటి కుంచెతో రంగులు వేసేవాడు.

వాళ్లమ్మ కౌసల్యకు ఇది మింగుడు పడేది కాదు.

"ఈ వయసులో బొమ్మలేందప్పా? నీ ఈడోళ్ల బిడ్డలు ఆడుకునేటివి నువ్వు ఆడుకుంటాండావు."

"ఆడుకోడం గాదుమా. రంగులేస్తాండాను."

"రెండూ ఒకటే పో."

అలా అంటుందే గానీ, బల్ల మీద దుమ్ము తుడిచేటప్పుడు ఒక్క బొమ్మను కూడా పక్కకు జరిపేది కాదు. చుట్టూ తుడిచి వదిలేసేది.

ఫోన్‌లో ఇలాంటి బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. ప్రతి నవంబరులో అందరూ కలిసి ఒక పని పెట్టుకుంటారు. నెల మొదట్లో రంగు లేని ఐదు రోబోలు తీసుకోవాలి. నెలాఖరుకు ఐదింటికీ రంగులు పూర్తి చేసి ఫొటో పెట్టాలి. బహుమతులేమీ ఉండవు. జయచంద్ర అంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. ఈసారి ఎలాగైనా పూర్తి చేయాలనుకున్నాడు.

మొదటి వారంలో గ్రూపులో ఒకామె పెట్టిన ఫొటో అతని కంట పడింది. రోబో భుజం మీద తుప్పు. ఏళ్ల తరబడి వానలో నానిన ఇనుముకు పట్టినట్టే ఉంది. అలాంటి తుప్పు కోసం అతను ఎన్ని రంగులు కలిపినా రాలేదు. బొమ్మ కింద పరిచిన కాగితం తెలుగు పేపరు. ఫొటో పెద్దది చేసి చూశాడు. రామకుప్పం దగ్గర రాగి చేలో ఏనుగులు పడ్డాయన్న వార్త.

వెంటనే మెసేజ్ పెట్టాడు. "మీది కుప్పం పక్కనా?"

"కుప్పమే. మీకెట్ల తెలిసె?"

"బొమ్మ కింద ఏనుగులు కనబడినాయి. మాది మదనపల్లె. ఆ తుప్పు ఏం రంగండీ?"

"రంగు కాదు. మా గేటుకు పట్టిన తుప్పే. గీకి పొడి చేసి అంటించినాను."

జయచంద్ర ఒక్కడే కూర్చుని గట్టిగా నవ్వాడు. వంటింట్లో నుంచి కౌసల్య తొంగి చూసింది.

ఆమె పేరు నీలిమ. కుప్పంలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ల నాన్న నారాయణప్పకు పక్షవాతం వస్తే చాలా ఏళ్లు దగ్గరుండి చూసుకుంది. అంతకుముందు ఏడాది ఆయన పోయాడు. ఆ తర్వాత సాయంత్రం ఇంటికొస్తే చేతులకు పనిలేక పిచ్చెక్కినట్టు ఉండేదట. అప్పుడు మొదలుపెట్టింది ఈ బొమ్మలు. ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు. ఒకరోజు తుప్పు గురించి, మరోరోజు కుంచె వెంట్రుకలు విడిపోకుండా ఎలా చూసుకోవాలన్న దాని గురించి మాట్లాడుతూ, మధ్యమధ్యలో చెప్పింది. అతనూ చెప్పాడు. ఒకసారి నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయిందనీ, ఆ తర్వాత ఎవరు సంబంధం తెచ్చినా వద్దన్నాననీ. ఫోన్ మోగితే కుంచె కింద పెట్టి చూసుకోవడం అతనికి అలవాటైంది.

నెల చివరి వారంలో ముసురు పట్టింది. వాయుగుండం అన్నారు. ఎండ మొహం చూడక రోజులైంది. జయచంద్ర ఐదు రోబోలూ పూర్తి చేశాడు. రంగు చెదరకుండా పైన వార్నిష్ కొట్టడం ఒకటే మిగిలింది. వానలో వార్నిష్ కొట్టకూడదని అంగడికొచ్చే వాళ్లందరికీ తనే చెబుతాడు. కానీ ఫొటో ఎప్పుడు పెడదామా అని ఆత్రం. వరండాలో నిలబడి స్ప్రే కొట్టేశాడు.

ఆరాక చూస్తే వాన తేమకు ఐదూ తెల్లగా, విబూది పూసినట్టు అయిపోయాయి. ఎరుపు లేదు, నీలం లేదు, కష్టపడి తెచ్చిన తుప్పు లేదు.

"ఏమాయె జయా?" అంది కౌసల్య.

"ఏం లేదుమా."

ఆమె బొమ్మల వైపు చూసి, లోపలికెళ్లి కాఫీ పెట్టుకొచ్చింది.

'ఈసారీ నా వల్ల కాదు' అని గ్రూపులో రాసి ఫోన్ పక్కన పడేశాడు. కాసేపటికి నీలిమ ఫోన్ చేసింది. అంతవరకూ రాసుకోవడమే గానీ మాట్లాడుకుంది లేదు.

"ఏంటికి వదిలేస్తాండారు?"

చెప్పాడు. పెయింట్ల అంగడిలో పనిచేసే తనకే ఇలా జరిగిందని చెప్పడానికి నామోషీగా ఉంది. ఆమె నవ్వలేదు.

"పారేయొద్దండి. నాకూ ఒకసారి ఇట్లే అయింది. నూనె రాస్తే తెలుపు పోతాది. ఆదివారం నేను పుంగనూరుకు వస్తాండాను, ఆడ మా పెద్దమ్మ ఉండాది. తీసుకురాండి, సూద్దాం."

ఆదివారం జయచంద్ర బొమ్మలను దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు. బయలుదేరేసరికి కౌసల్య కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెందుకుమా?"

"నేనూ సూస్తా, ఆ బొమ్మలు ఎట్ల బాగవుతాయో."

పుంగనూరు బస్టాండు ఎదురుగా ఒక బేకరీ ఉంది. వాన సన్నగా పడుతోంది. నీలిమ అప్పటికే వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుంది. సన్నగా, కళ్లద్దాలతో, ఫోన్‌లో పేరు పక్కనుండే ఫొటోలో కన్నా కాస్త వయసు ఎక్కువగా కనిపించింది. తల్లీకొడుకులను చూసి లేచి నిలబడింది. చేతిలో చిన్న కొబ్బరినూనె సీసా, దూది చుట్టిన పుల్లలు.

"ముందు ఒక బొమ్మ అరికాలికి రాద్దాం. చెడినా కనబడదు" అంది.

రోబోను తిరగేసి, నూనె తడి చేసిన పుల్లతో అరికాలి మీద మెల్లగా రుద్దింది. తెలుపు కింద నుంచి నలుపు తేలింది. జయచంద్ర ఊపిరి వదిలాడు. తర్వాత ఛాతీ. ఎరుపు వచ్చింది. ఇద్దరూ చెరొక పుల్ల పట్టుకుని పనిలో పడ్డారు. ఆమె మోచేతులు బల్లకు ఆనించి, చెయ్యి వణక్కుండా పని చేసే తీరును అతను మధ్యమధ్యలో చూస్తున్నాడు.

"మీ బొమ్మను సూడండి, నన్ను కాదు" అంది నీలిమ, తల ఎత్తకుండానే.

కౌసల్య టీలో బన్ను ముంచుకుని తింటూ ఇద్దరినీ చూస్తోంది.

"మీ పెద్దమ్మ ఇల్లు యాడమ్మా ఈడ? మాకు తెలిసినోళ్లు చానామంది ఉండారు పుంగనూరులో."

నీలిమ చేతిలో పుల్ల ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పెద్దమ్మ లేదమ్మా" అంది. "ఊరికే చెప్పినాను."

కౌసల్య ఏమంటుందోనని జయచంద్ర భయపడ్డాడు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మంచిదే. ఉండుంటే ఇప్పుడు ఆ యమ్మ ఇంటికి గూడా పోవాల్సొచ్చేది. వానలో యాడ పోతాం? ఇంకో బన్ను తిను."

నాలుగు రోబోలు తేరుకున్నాయి. ఐదోదానికి ఎంత రుద్దినా తెలుపు పూర్తిగా పోలేదు. భుజాల మీదా తల మీదా పొగలాగా మిగిలిపోయింది. దాన్ని అలాగే వదిలేద్దాం, పొద్దున్నే మంచులో నిలబడిన కాపలావాడిలా ఉందంది నీలిమ. అతనికీ అదే బాగుందనిపించింది. బల్ల మీదే ఐదింటినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. వెనకాల కౌసల్య టీ గ్లాసు కూడా సగం ఫొటోలో పడింది. ఎవరో 'ఆ మంచు ఎట్లా తెచ్చారు?' అని అడిగారు. 'తొందరపడి' అని జవాబు రాశాడు.

వాన తెరపిచ్చాక మదనపల్లె బస్సు వచ్చింది. జయచంద్ర డబ్బా సర్దుకుంటుంటే కౌసల్య అతని చేతిలోంచి లాక్కుంది.

"నేను పోతాలే. నాకు తోవ తెలీదా? నువ్వు ఆ యమ్మను పలమనేరు దాకా దింపిరా. ఆడ కుప్పం బస్సు మారాల గదా."

"నేను పోగలనమ్మా" అంది నీలిమ.

"పోగలవని నాకూ తెలుసమ్మా" అని కౌసల్య బస్సెక్కేసింది.

పలమనేరు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బొమ్మల మాట ఒక్కటీ రాలేదు. నీలిమ వాళ్ల నాన్న గురించి చెప్పింది. చివరి రోజుల్లో ఆయనకు మాట పోతే, ఒక్క ఎడమ చేత్తోనే ఎలా కోప్పడేవాడో చేసి చూపించింది. చూపిస్తూ నవ్వింది, నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. జయచంద్ర జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. పలమనేరులో దిగాక కుప్పం బస్సు సిద్ధంగా ఉన్నా ఆమె ఎక్కలేదు. ఇంకొకటి వస్తుందిలే అంది.

వైశాఖంలో వాళ్ల పెళ్లయింది. ఆమె కుప్పం ఉద్యోగం వదలనంది, అతను మదనపల్లె అంగడి వదలలేనన్నాడు. ఎవరూ అలగలేదు. పలమనేరులో, బస్టాండుకు దగ్గరగా ఇల్లు తీసుకున్నారు. పొద్దున ఆమె ఒక వైపు బస్సెక్కితే అతను మరో వైపు ఎక్కుతాడు. సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్లు కాఫీ పెట్టాలని అనుకున్నారు గానీ, ఇద్దరూ వచ్చేసరికి కౌసల్యే పెట్టేసి ఉంటుంది.