స్ప్రింగు తిప్పింది ఎవరు

"వదినా, అన్నయ్య వ్యాను తాళాలు శనివారం వచ్చి తీసుకుంటాలే. నువ్వు మా ఇంట్లో ఫోను దగ్గర కూర్చో. ఇప్పుడు చదవడం, రాయడం కూడా వచ్చాయాయె. ఎవరింట్లో తలుపు చెడిందో రాసిపెట్టు, నేను వెళ్లి బాగుచేసి వస్తా," అన్నాడు మా మరిది సాల్వు, నేను కాల్చిపెట్టిన పస్తిత్సి, రికోటా జున్ను కూరిన మా కజ్జికాయ, నములుతూ. "ఇన్నేళ్లూ అన్నయ్య వెంట ఎండలో తిరిగి టార్చి పట్టుకున్నావు. ఇక చాల్లే."

అతను చెడ్డ మనసుతో అనలేదు. నాకు అంతుపట్టనిది కూడా అదే. కుర్చీలో కూర్చుని చేసే పని కావాలని నేనూ కలలు కన్నదాన్నే. మా ఆయన జెప్పు పోయాక లైబ్రరీలో పెద్దవాళ్ల తరగతిలో చేరి అక్షరాలు దిద్దుకున్నది మరి దేనికి? అయినా ఆ మాట విన్నప్పటినుంచీ తోమిన గిన్నెనే మళ్లీ తోముతున్నాను.

జెప్పుది కారు షెడ్ల తలుపులు బాగుచేసే పని. మేం వలసొచ్చి స్థిరపడ్డ పెండిల్ హిల్‌లో మా మాల్టా వాళ్ల తలుపులు చాలావరకు అతని చేతిమీదే నడిచేవి. ఒకసారి నిచ్చెన మీంచి పడి భుజం చెడింది. ఆ తర్వాత కుడిచెయ్యి తలదాటి లేవలేదు. తలుపు బరువు మోసే పొడుగాటి స్ప్రింగు తలకంటే ఎత్తులో ఉంటుంది. దానికి ఇనుప కడ్డీలు గుచ్చి, బలమంతా పెట్టి తిప్పాలి. అలా ఆ కడ్డీలు నా చేతికొచ్చాయి. ఇంటివాళ్ల అడుగుల చప్పుడయితే మాత్రం జెప్పు గబగబా నిచ్చెన ఎక్కి నా చేతులమీద తన మంచి చెయ్యి వేసేవాడు. నేను అతని చేతి కిందినుంచి జారుకుని టార్చి అందుకునేదాన్ని. "ఆడది తిప్పిన స్ప్రింగుని నమ్మి కిందనుంచి కారు ఎవడు తీస్తాడే?" అనేవాడు. మా అత్తగారైతే, "మొగుడి పక్కన దీపం పట్టుకు నిలబడ్డానికి పెట్టిపుట్టావు," అని మురిసిపోయేది.

ఇంతకీ తిప్పింది నేనేనా? కింద నిలబడి స్ప్రింగు మూలుగు విని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు" అన్నది అతనే. చెవి అతనిది, చెయ్యి నాది. పని ఎవరిది? అతని నోరు లేకుండా ఎక్కడ ఆగాలో నా చేతికి తెలుస్తుందా? తక్కువైతే తలుపు మనుషులమీద పడుతుంది. ఎక్కువైతే అదుపు తప్పి పైకి ఎగురుతుంది.

శుక్రవారం పొద్దున పెగ్గీ ఫోను చేసింది. జెప్పు పాత గిరాకీ. షెడ్డు తలుపు స్ప్రింగు తెగింది, కారు లోపల చిక్కింది, మధ్యాహ్నం వాళ్లాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "మనిషిని పంపిస్తా," అన్నాను. సాల్వుకి చెప్పాలి. చెప్పలేదు. తాళాలు తీసుకుని నేనే వెళ్లాను. ధైర్యంతో కాదు, తెలుసుకుందామని.

కొత్త స్ప్రింగు బిగించి సగం తిప్పేసరికి వెనకాల చెప్పుల చప్పుడు. నాకు తెలియకుండానే నా చేతులు సడలాయి, పట్టుకోడానికి ఎవరో వస్తున్నట్టు. ఎవరూ లేరు. కడ్డీ ఒక్క గుంజు గుంజింది. మణికట్టు విరిగిందనుకున్నాను. ఒళ్లంతా దానిమీద వేసి ఆపి, కడ్డీని తలుపుకి ఆనించి నిలబడ్డాను.

"అయ్యయ్యో కర్మెనా! జెప్పు ఏడీ?"

"పోయాడు పెగ్గీ. పోయిన చలికాలంలో."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చేతి వెనకనుంచే నవ్వో ఏడుపో వచ్చింది. "ఇప్పుడు చెబితే తప్పులేదులే. వంటింటి కిటికీలోంచి అంతా కనబడుతుంది. పైన నువ్వు చెమటలు కక్కుతుంటే కింద ఆయన పాట విన్నట్టు తలూపేవాడు. నేను కావాలనే చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేదాన్ని, మీరు చోట్లు మార్చుకోవడం చూద్దామని! మా ఆయనైతే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఈ వీధిలో తెలియందెవరికే?"

నా మొహం కాలిపోయింది. అందరికీ తెలిస్తే ఇన్నేళ్లూ ఎవరి దగ్గర దాచాం? అతను దాచుకున్నది తన భుజాన్నా, నన్నా? కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక ఆ కోపం అక్కడే తిరుగుతోంది.

"లోపలికి వెళ్లకండి," అన్నాను. "ఆ పక్కగా నిలబడి చూడండి."

మళ్లీ తిప్పాను. స్ప్రింగు మూలిగింది. ఆ మూలుగులో ఏముందో నా చెవికి ఇప్పటికీ తెలియదు. కానీ ఒకచోట కడ్డీ అరచేతిని ఎదురు తోసింది. "చాలు," అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. అది జెప్పు గొంతులా లేదు.

స్క్రూలు బిగిస్తుంటే పనిముట్ల పెట్టెమీద నా ఫోను మోగింది.

"ఎవరో సాల్వు అని పేరు పడుతోంది," అంది పెగ్గీ. "ఎత్తనా?"

"ఎత్తండి. వ్యాను పనిమీద వచ్చిందని, మెకానిక్ నిచ్చెనమీద ఉందని చెప్పండి."

ఆమె అలాగే చెప్పింది. "ఏ మెకానిక్?" అని సాల్వు అరిచిన అరుపు నిచ్చెనమీదికి కూడా వినిపించింది. పెగ్గీ తలెత్తి నావైపు చూసింది.

"నా పేరు చెప్పండి," అన్నాను.