చిన్న చార్టు

కెమెరాల కంపెనీలో ఆమెను అందరూ చార్టమ్మ అనేవారు. కెమెరా ఎంత స్పష్టంగా చూస్తుందో కొలవాలంటే దాని ఎదురుగా గోడకు ఒక అచ్చువేసిన చార్టు అంటించాలి. తెల్ల కాగితం మీద సన్నటి నల్ల గీతలు దగ్గరదగ్గరగా, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. కెమెరా మంచిదైతే గీతలు విడివిడిగా కనిపిస్తాయి, కాకపోతే ఒకదాన్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు మచ్చ అవుతాయి. అంతే సంగతి. కానీ ఆ చార్టు ఎంచుకోవడంలో చార్టమ్మ చాదస్తం ఇంతా అంతా కాదు.

వ్యాన్ల వెనక బిగించే కొత్త కెమెరా వచ్చినప్పుడు ఆమె అచ్చువేసేవాడి ప్రాణం తోడేసింది. మెరిసే కాగితం వద్దే వద్దంది, దాని మీద దీపాల వెలుగు పడి కళ్లలో కొడుతుందట. ఆఫీసు ప్రింటరులో తీసుకుంటే పోలేదా అన్నవాణ్ణి కూర్చోబెట్టి, చేతికి భూతద్దమిచ్చి, సిరా చుక్కలు గీతల అంచుల్ని ఎలా తినేస్తున్నాయో చూపించింది. చివరికి మెరుపులేని ఫోటో కాగితం మీద, వెంట్రుకంత గీత కూడా చెదరకుండా వేయించుకుంది. ఇంత రాద్ధాంతమూ కాగితం గురించే. సైజు మాత్రం ఒక్క క్షణంలో తేల్చేసింది.

ఆ కెమెరా చూపు బాగా వెడల్పు. దాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నింపాలంటే గోడంత చార్టు కావాలి. గోడకేమో బీరువా అడ్డం. బీరువా జరపాలంటే లోపలి సామానంతా దింపాలి. మేనేజరు చూస్తే నెత్తిమీద కూర్చున్నాడు. అందుకని చిన్న చార్టు ఎంచుకుంది. అది బొమ్మలో మధ్య భాగానికే సరిపోయింది. మధ్యలో గీతలు ఎంతో శుభ్రంగా వచ్చాయి. మూలల్లో గీతలే లేవు, బీరువా పిడీ స్విచ్చి బోర్డూ ఉన్నాయి. పోనీ కెమెరానే అటూ ఇటూ తిప్పి మూలలు కూడా కొలవొచ్చు, దానికి ఇంకో పూట పడుతుందని అదీ మానేసింది. మూలలు చూశావా అని మేనేజరు అడిగితే చూశానంది. చూసిన మాట నిజమే, బీరువా బీరువాలాగే ఉంది. కొలిచిందా అంటే లేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికొచ్చి గొప్పలు కూడా పోయింది. ఆమె బావగారు, అంటే భర్తకు అన్నగారు, ఒక గోడౌనులో వ్యాను నడిపేవాడు. రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు, కింద వాళ్లు, పైన వీళ్లు. బండి వెనక్కి తీసేటప్పుడు బావగారు కిటికీలోంచి సగం మనిషి బయటికొచ్చి మరీ చూసేవాడు. తోటి డ్రైవర్లు తాబేలు అని ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించారుగానీ ఆయన బండికి ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు, మెడనొప్పి మాత్రం పట్టుకుంది. ఆయన వ్యానుకు ఈ కెమెరా బిగించిన రోజు చార్టమ్మ పొంగిపోయింది.

"ఇంక మీరు మెడ తిప్పే పనే లేదు బావగారూ. స్టీరింగు పక్కనున్న తెర చూసుకుంటే చాలు. పరీక్ష చేసింది నేనేగా," అంది.

మరదలి మాట ఆయన నమ్మాడు. నమ్మి, తల లోపలే పెట్టుకుని, తెర చూస్తూ ఒకరోజు బండి వెనక్కి తీశాడు. గోడౌను కాపలా ముసలాయన ఎడమపక్క నీడకు స్టూలు జరుపుకుని కునుకు తీస్తున్నాడు. ఆయన కాలు విరిగింది.

ప్రాణానికేం భయం లేదు, ఎముక అతుక్కుంటుందన్నారు. అతుక్కోనిది బావగారి మనసే. ఆ సాయంత్రం మెట్లమీద కూలబడి అదే మాట తిప్పి తిప్పి చెప్పాడు.

"తెర చూస్తూనే ఉన్నానమ్మా. మూల ఏదో బూడిదరంగు బస్తాలా కనిపించింది. అక్కడెప్పుడూ బస్తాలుంటాయిగా. ఆనితే ఆనిందిలే అనుకున్నా."

మూల అన్న మాట చెవిన పడగానే చార్టమ్మకు అంతా అర్థమైపోయింది. చెబుదామని నోరు తెరిచింది గానీ చెప్పలేదు. ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చి, తలొంచుకుని పైకి వెళ్లిపోయింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పెద్ద చార్టు వేయించింది. అది చుట్టగా వచ్చింది. ఆఫీసుకు తీసుకెళ్లలేదు, ఇంట్లో తలుపు వెనక నిలబెట్టింది. విప్పి కొలిస్తే నిజం బయటపడుతుంది. చార్టమ్మ అన్న పేరు పోతుంది, ఉద్యోగమూ ఊడొచ్చు. విప్పకపోతే, ఏమో, నిజంగా ఆయన కళ్లే మందగించాయేమో. సిగ్గులేని ఆశ. సిగ్గులేనిదని తెలిసి కూడా దాన్నే పట్టుకు వేళ్లాడింది. ఈలోగా తోడికోడలు, వయసు మీదపడుతోందంటే ఒప్పుకోరు కదా అని మొగుణ్ణి సాధిస్తోంది. అన్నయ్యకు అద్దాలు పెట్టుకోవడం నామోషీ అని చార్టమ్మ భర్త వంతపాడుతున్నాడు. బావగారు ఎవరికీ ఎదురు చెప్పడం లేదు. రోజూ పళ్లు పట్టుకుని ముసలాయన మంచం దగ్గరికి వెళ్లి, క్షమించమని అడిగి వస్తున్నాడు. చార్టమ్మకు ముద్ద దిగడం లేదు. ఏమైందని ఎవరైనా అడిగితే తలనొప్పి అంటోంది.

చివరికి తోడికోడలు పట్టుబట్టి ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. తోడు రమ్మంటే చార్టమ్మ కాదనలేకపోయింది. అక్కడ గోడకు అక్షరాల చార్టు ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు దాన్నే పరీక్షగా చూసింది. మెరుపులేని కాగితం, వెలుగు అంతటా సమానంగా పడుతోంది, కుర్చీ ఎక్కడ వేయాలో నేలమీద గీత కూడా గీసి ఉంది. బావగారు బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని పై వరస నుంచి మొదలుపెట్టాడు. చివరి వరసదాకా తడుముకోకుండా చదివాడు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేశాడు. మీకు అద్దాలు అమ్మడం నా తరం కాదండీ అని డాక్టరు నవ్వాడు.

తోడికోడలి ముఖం వికసించింది. బావగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. బయటికొచ్చాక మెల్లిగా అన్నాడు.

"కళ్లు బాగున్నాయంటే ఇంక తప్పు నాదేగా. ఎదురుగా మనిషిని పెట్టుకుని బస్తా అనుకున్నా. రేపు తాళాలిచ్చేస్తాను. ఇంక బండి ముట్టుకోను."

ఇంక చార్టమ్మ వల్ల కాలేదు. తాళాలిచ్చేముందు ఒక్కసారి తనతో గోడౌనుకు రమ్మని బతిమాలింది. ఇంటికి పరుగెత్తి తలుపు వెనక చుట్ట తీసుకొచ్చింది.

ఆ రోజు గోడౌనుకు సెలవు. వ్యాను షెడ్డులో ఉంది. ముసలాయన స్టూలు వెనక గోడకు ఎడమపక్క అలాగే ఉంది, ఎవరికీ దాన్ని కదిలించడానికి మనసొప్పినట్టు లేదు. చార్టమ్మ వ్యాను వెనక గోడమీద పెద్ద చార్టు విప్పి, ముడతల్లేకుండా అరచేత్తో సర్ది, టేపు వేసింది. బావగారు డ్రైవరు సీట్లో కూర్చుని తెర వెలిగించాడు. ఏం కనిపిస్తోందని అడిగింది.

"మధ్యలో గీతలు సన్నగా, విడివిడిగా ఉన్నాయి. పక్కకొస్తుంటే చెదురుతున్నాయి. ఎడమ మూల గీతల్లేవమ్మా. బూడిద పూసినట్టుంది."

దిగి చూడమంది. ఆయన దిగొచ్చి, గోడ దగ్గర వంగి, ఆ మూలను చూశాడు. గీతలున్నాయి. ఒక్కొక్కటీ తీర్చి దిద్దినట్టుంది. ఆయన వేలితో వాటిని తడిమాడు.

"తప్పు మీది కాదు బావగారూ," అంది చార్టమ్మ. "ఇంత చార్టు పెట్టి కొలవాలి. నేను చిన్నది ఎంచుకున్నాను. బీరువా జరపడానికి బద్ధకించాను. మూలలు కొలవకుండానే మీకు తల తిప్పొద్దని చెప్పాను. మీరు బస్తా అన్నరోజే నాకు తెలుసు."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. అక్కణ్ణుంచే వ్యాను వైపు చూస్తూ అడిగాడు.

"ఇంకా ఎన్ని బండ్లకు పెట్టారమ్మా దీన్ని?"

ఆ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. ఇన్నాళ్లూ అది తలెత్తినప్పుడల్లా నొక్కేసింది. బావగారు క్షమిస్తాడా లేదా అన్నదొక్కటే తన బాధ అనుకుంటూ వచ్చింది.

"చాలా వాటికి," అంది.

"మరి నాకు చెప్పి ఏం లాభం? ముందు వాళ్లకు చెప్పు."

చార్టమ్మ ఫోను వ్యానులో, చార్టు అంటించేముందు పెట్టిన చోటే ఉంది. ఆమె డ్రైవరు సీటెక్కి మేనేజరుకు ఫోను చేసి, బీరువా దగ్గర్నుంచి ముసలాయన కాలుదాకా ఏదీ దాచకుండా చెప్పింది. అంతా విని మేనేజరు బుజ్జగింపు మొదలుపెట్టాడు.

"కంగారు పడకు. మూల కాస్త మసకగా ఉంటే కొంపలేం మునగవు. మనిషి ఉన్నాడో లేడో తెలుస్తుందిగా?"

ఆమె తలెత్తి తెర చూసింది. ఎడమ మూల గోడకు ఆనించి బూడిదరంగు బస్తా ఒకటి ఉంది. తలా లేదు, చేతులూ లేవు. చూస్తుండగా బస్తా లేచింది. మధ్యకు నడిచొస్తుంటే దానికి భుజాలు వచ్చాయి, ముఖం వచ్చింది. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్న బావగారయింది.

"తెలియదు సార్," అంది చార్టమ్మ. "ఇవాళే అన్ని బండ్లూ ఆపించండి."